శిక్షణ దేనికి? గుంటలోకి దిగటానికా, గుంట నుంచి బయటపడటానికా?

(పారిశుధ్య కార్మికులు, దళిత సంఘాల కార్యకర్తలు కలిసి జరుపుకున్న మండల సమావేశంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగమిది. మాట్లాడిన తీరు పోకుండా ఉన్నదున్నట్టుగా వేస్తున్నాం. – సం.)



నన్ను మాట్లాడమన్న విషయం పైకి చిన్నదిగానే కనపడుతుంది. వచ్చే నెల మన మునిసిపాలిటీలో పారిశుధ్య కార్మికులకు శిక్షణ తరగతి పెడుతున్నామని కాగితం వచ్చింది. చుట్టుపక్కల పంచాయతీల నుంచి కూడా మనుషుల్ని పంపమన్నారు. పోదామా, వద్దా అని మనలో రెండు మాటలు నడుస్తున్నాయి. కొందరు కుర్రాళ్ళు "ఎందుకు పోవాలి? గుంటలో ఎట్లా దిగాలో నేర్పిస్తారంట. మన అయ్యలు, తాతలు శిక్షణ లేకుండానే దిగి చచ్చారు. మనం శిక్షణ తీసుకొని చావాలా?" అంటున్నారు. పెద్దవాళ్ళు కొందరు "పోతే గ్లౌజులన్నా వస్తాయి, బూట్లన్నా వస్తాయి, కార్డన్నా వస్తుంది. కాదంటే అదీ పోద్ది" అంటున్నారు.

రెండు మాటల్లోనూ నిజముంది. అందుకే తొందరపడి ఇటో అటో చెయ్యెత్తకుండా, ఈ శిక్షణని ఏ కొలతతో కొలవాలో ముందు మాట్లాడుకుందాం. నేను బడిపంతుల్ని. కొలవటం నా రోజువారీ పని. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. చదువు పేరుతో ఏం జరుగుద్దో, ఏం జరగదో రెండువైపులా చూసినవాణ్ణి. పాఠం అయిపోయిందని డైరీలో రాసుకుంటే పిల్లవాడికి పాఠం వచ్చినట్టు కాదు. మాకూ సెలవుల్లో ట్రైనింగులు పెడతారు. సంతకాలు పెట్టించుకుంటారు, టీ ఇస్తారు, మాడ్యూలని ఒక పుస్తకం చేతిలో పెడతారు. ఆ తర్వాత మా బడికొచ్చి ఆ ట్రైనింగు వల్ల పిల్లల చదువు ఏమన్నా మారిందా అని చూసినవాడు అరుదు. మాకైతే చెడ్డ ట్రైనింగు వల్ల పోయేది నాలుగు రోజుల కాలం. మీకు పోయేది ప్రాణం. తేడా అక్కడుంది.

ముందు లక్ష్యం ఏమిటో తేల్చుకోవాలి

ఏ తరగతినైనా కొలవాలంటే అది దేనికోసం పెట్టారో ముందు తెలియాలి. ఈ శిక్షణ ఎవరో దయతలచి పెట్టింది కాదు. చట్టంలోంచి వచ్చింది. పాకీదొడ్లు కట్టకూడదు, మనిషి చేత మలం ఎత్తించకూడదు అని 1993లో ఒక చట్టం వచ్చింది. అది చాలా చోట్ల కాగితం మీదే ఉండిపోయింది. మన తెలుగు నేల మీద సఫాయి కర్మచారీ ఆందోళన్ వాళ్ళు ఊరూరా తిరిగి పాకీదొడ్లను లెక్కబెట్టి, కొన్నిటిని పలుగులతో పగలగొట్టి, 2003లో సుప్రీంకోర్టుకెళ్ళారు. కోలారు బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, మనకు బాగా తెలిసిన ఎస్.ఆర్. శంకరన్ గారు ఆ పనిలో ముందున్నారు. ఆ ఒత్తిడి ఫలితంగానే 2013లో కొత్త చట్టం వచ్చింది. అది 2013 డిసెంబరు 6న, బాబాసాహెబ్ వర్ధంతి రోజున అమల్లోకొచ్చింది.

ఈ చట్టం తన ముందుమాటలోనే ఒప్పుకుంది, ఈ పని చేసినవాళ్ళకు చరిత్రలో అన్యాయం జరిగిందని, అవమానం జరిగిందని, దాన్ని సరిదిద్దాలని. కాబట్టి మొదటి లక్ష్యం పని మాన్పించటం. రెండోది గౌరవమైన వేరే బతుకు చూపించటం. 13వ సెక్షన్ చూడండి. ఆ పని చేసినవాళ్ళకి గాని, ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరికి గాని బతుకుతెరువు నేర్పే శిక్షణ ఇవ్వాలి, శిక్షణ జరిగినన్నాళ్ళు నెలకు 3,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలి అంటుంది. 7వ సెక్షన్ మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ప్రమాదకరమైన పద్ధతిలో మనిషిని దించొద్దంటుంది. దించిన యజమానికి మొదటిసారి రెండేళ్ళ దాకా జైలు, లేదంటే 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే అయిదేళ్ళు, 5 లక్షల దాకా పోతుంది. శిక్ష దించినవాడికి. దిగినవాడికి కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

దారి ఎక్కడ తప్పుతుంది?

ఇంత బాగున్న లక్ష్యం నేల మీదకొచ్చేసరికి ఎట్లా వంకర పోయింది? అది చట్టంలోనే ఉన్న ఒక సందు నుంచి మొదలైంది. "ప్రమాదకరమైన శుభ్రత" అంటే ఏంటని చట్టంలో చూస్తే, రక్షణ సామగ్రి ఇవ్వకుండా, జాగ్రత్తలు తీసుకోకుండా మనిషి చేత చేయించటం అని ఉంది. అంటే సామగ్రి ఇచ్చి దించితే అది ప్రమాదకరం కాదనే అర్థం లాగొచ్చు. ఇంకో చోట, నిర్ణయించిన పరికరాలతో, రక్షణ సామగ్రితో మలం శుభ్రం చేసే మనిషిని పాకీపని మనిషిగా లెక్కవెయ్యరని కూడా ఉంది. మన అమ్మల చేతికి గ్లౌజులు తొడిగితే చాలు, వాళ్ళు ఆ జాబితాలోంచి ఎగిరిపోతారు. చేతికింద ఉన్నది అదే మలం, ఆ చేయి అదే కులం. మధ్యలో రబ్బరు తొడుగు ఒక్కటొచ్చింది.

పేర్లు కూడా అంతే. మొదట పాకీవాళ్ళన్నారు. తర్వాత స్కావెంజర్లన్నారు, పారిశుధ్య కార్మికులన్నారు. ఆంధ్ర పంచాయతీల్లో గ్రీన్ అంబాసిడర్లన్నారు, ఆ తర్వాత క్లాప్ మిత్రలన్నారు. కేంద్రం వాళ్ళు సఫాయి మిత్ర అంటున్నారు. మిత్రుడంటున్నారు గదా, ఆ మిత్రుణ్ణి ఇంట్లోకి పిలిచి గ్లాసులో మంచినీళ్ళిచ్చిన ఇల్లు మన ఊళ్ళో ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి.

2023–24లో కేంద్రం "నమస్తే" అని ఒక పథకం పెట్టింది. మూడేళ్ళకు 349.70 కోట్ల రూపాయలు అన్నారు. మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పనిచేసేవాళ్ళను లెక్కగట్టటం, రక్షణ కిట్లు, ఆరోగ్య బీమా కార్డు, వృత్తి భద్రత శిక్షణ, యంత్రాలు కొనుక్కోటానికి సబ్సిడీ, ఇవన్నీ అందులో ఉన్నాయి. పథకం పేరులోనే యంత్రం మాట ఉంది, మనిషి బదులు యంత్రం రావాలని. మంచిదే. కానీ యంత్రం ఖరీదైంది, తరగతి చవకైంది. చవకైనది ముందు జరుగుద్ది. ఖరీదైనది ఫైల్లో ఉండిపోద్ది. మనిషి బదులు యంత్రం రావాల్సిన చోట మనిషికి తరగతి వస్తది. శిక్షణ లక్ష్యం తప్పటమంటే ఇదే. ఇందులో ఎవరూ కుట్ర పన్నక్కర్లేదు, సులువైన దాన్ని ముందు చేసుకుంటూ పోతే చాలు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. 2013లో, 2018లో జరిగిన సర్వేల్లో దేశం మొత్తం మీద పాకీపని చేసేవాళ్ళుగా గుర్తించింది 58,098 మందిని. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని మనకు తెలుసు, అది పక్కనబెడదాం. ఒకసారి ఇచ్చే 40,000 రూపాయల సాయం వాళ్ళకు అందిందంటున్నారు. శిక్షణ? 2023 ప్రాంతంలో పార్లమెంటుకు చెప్పిన లెక్కలో కుటుంబసభ్యుల్ని కూడా కలుపుకుంటే సుమారు 22 వేల మంది. సబ్సిడీ తీసుకొని సొంతంగా పని పెట్టుకున్నవాళ్ళు రెండు వేల చిల్లర. బడి భాషలో చెప్తాను. తరగతిలో నూరు మంది ఉంటే పాఠం విన్నది ముప్పై ఎనిమిది మంది, పాసై బయటకొచ్చింది నలుగురు. నా తరగతిలో నూటికి నలుగురు పాసైతే హెడ్మాస్టరు నాకు మెమో ఇస్తాడు. ఇక్కడ మెమో ఎవరికిచ్చారు?

అందులో ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. పాకీదొడ్లలో మలం ఎత్తింది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళకు శిక్షణ అనంగానే అధికారులకు తట్టేది కుట్టుమిషను. కుట్టుపని చెడ్డదని కాదు. కానీ మన పల్లెలో ముప్పై మంది ఒకేసారి కుట్టు నేర్చుకుంటే ఎవరి జాకెట్టు ఎవరు కుట్టాలి? ఊళ్ళోవాళ్ళు నిన్నటిదాకా మలం ఎత్తిన చేతికి తమ గుడ్డలిస్తారా? కులం అడ్డం పడే చోట సర్టిఫికెట్ పనిచెయ్యదు. బతుకుతెరువు శిక్షణ పెట్టేవాళ్ళు ముందు వెయ్యాల్సిన ప్రశ్న "ఏం నేర్పుదాం" కాదు, "నేర్చుకున్న తర్వాత వీళ్ళ దగ్గర ఎవరు కొంటారు" అని. ఆస్పత్రిలో, బడిలో, ఆఫీసులో ఉద్యోగం చూపించి, ఆ ఉద్యోగానికి కావాల్సింది నేర్పిస్తే అది శిక్షణ. లేకపోతే అది మూడు నెలలు స్టైపెండు తిని మళ్ళీ తట్ట పట్టుకోటమే.

చచ్చినవాళ్ళే చెప్పిన సాక్ష్యం

2022, 2023 సంవత్సరాల్లో మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో జరిగిన మరణాల మీద కేంద్ర సామాజిక న్యాయ శాఖే ఒక పరిశీలన చేయించింది. 8 రాష్ట్రాల్లో 17 జిల్లాలు తిరిగి, 54 మరణాలు తీసుకొని చూశారు. దాని సంగతులు 2025లో పార్లమెంటు ముందుకొచ్చాయి. 54 మందిలో 49 మంది ఒంటి మీద ఏ రక్షణా లేదు. 47 చోట్ల యంత్రం గాని, రక్షణ సామగ్రి గాని ఇవ్వలేదు. సరైన శిక్షణ ఇచ్చినట్టు తేలింది ఒక్కటంటే ఒక్క చోట. 38 మంది ఎవరో సొంతంగా మాట్లాడుకొని పిలిపించుకున్నవాళ్ళు. ప్రభుత్వ జీతం మీద ఉన్నవాళ్ళు అయిదుగురే. 27 సందర్భాల్లో దిగేవాడి ఒప్పుకోలు కూడా అడగలేదు. రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకున్న 18 చోట్ల, దిగితే ఏమవుద్దో ముందుగా చెప్పలేదు.

ఈ అంకెల్ని బోర్డు మీద రాసుకొని చదవండి. మూడు సంగతులు కనపడతాయి.

ఒకటి, శిక్షణకు పోతున్నది ఒకరు, చస్తున్నది ఇంకొకరు. తరగతిలో మునిసిపాలిటీ రోల్సు మీద ఉన్నవాళ్ళు, ఔట్‌సోర్సింగ్ వాళ్ళు కూర్చుంటారు. చచ్చేది అడ్డా మీద నిలబడినవాడు. ఆదివారం పొద్దున ఇంటాయన పిలిచి, వెయ్యో పదిహేను వందలో ఇస్తానంటే తమ్ముణ్ణి వెంటబెట్టుకొని పోయేవాడు. వాడి పేరు ఏ హాజరు పట్టీలోనూ ఉండదు.

రెండు, శిక్షణ దిగేవాడికే ఇస్తున్నారు, దించేవాడికి ఇవ్వటం లేదు. గుంటలో దిగమని చెప్పేది మేస్త్రీ. మేస్త్రీకి చెప్పేది కాంట్రాక్టరు. కాంట్రాక్టరుకు ఫోను చేసేది ఇంజనీరు, శానిటరీ ఇన్‌స్పెక్టరు. నిర్ణయం పై నుంచి వస్తుంటే పాఠం కిందవాడికి మాత్రమే ఎందుకు? ట్రాఫిక్ రూల్సు డ్రైవరుకు చెప్పకుండా బస్సులో కూర్చున్నవాళ్ళకు చెప్తే ఏం లాభం?

మూడోది అన్నిటికన్నా ప్రమాదం. తరగతిలో మనం పెట్టే సంతకం రేపు మన మీదకే తిరగొచ్చు. "వాడికి శిక్షణ ఇచ్చాం, కిట్టు ఇచ్చాం, ఇదుగో సంతకం, వాడే వేసుకోకుండా దిగాడు" అని చెప్పటానికి ఆ పట్టీ పనికొస్తది. చచ్చినవాడు లేచొచ్చి సమాధానం చెప్పలేడు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు 1993 నుంచి చచ్చిన వాళ్ళందరి కుటుంబాలకు 10 లక్షల చొప్పున ఇవ్వమంది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ డబ్బు ఎగ్గొట్టాలనుకునేవాడికి ఇట్లాంటి సంతకం వరం. కుర్రాళ్ళు "పోవద్దు" అంటున్నది తిక్కతో కాదు. వాళ్ళ భయానికి ఆధారముంది.

అయినా పోవాలనే నేనంటాను

ఎందుకంటే గుంటలో ఉన్న గాలి సంగతి మనకు తెలియకపోవటం కూడా శత్రువుకే బలం. ఒక పట్టణంలో జరిగిన తరగతికి నేను వెనకాల కూర్చొని చూశాను. పొద్దున పదిన్నరకు దండలు మొదలైనాయి. పన్నెండున్నర దాకా ఉపన్యాసాలు. తెర మీద బొమ్మలు, వాటి కింద ఇంగ్లీషు. కిట్లు పట్టుకొని ఫొటోలు. భోజనాల తర్వాత ఒక్క గంట మిగిలింది. అప్పుడు ఒక పెద్దాయన లేచి అడిగాడు: "అయ్యా, దీపం దించితే ఆరిపోకుండా ఉంటే దిగొచ్చా?" చెప్పేవాళ్ళు నవ్వేసి తర్వాతి బొమ్మ వేశారు.

ఆయన అడిగింది నవ్వాల్సిన ప్రశ్న కాదు. తరతరాలుగా మనవాళ్ళకున్న పరీక్ష అదొక్కటే. ఆ రోజు మొత్తంలో ప్రాణానికి పనికొచ్చే ప్రశ్న కూడా అదే. దానికి జవాబు ఉంది. దీపం పరీక్ష నమ్మకూడదు. గుంటలో మీథేన్ ఉంటే మంట తగిలి పేలుద్ది. హైడ్రోజన్ సల్ఫైడ్ అని ఇంకొకటుంది. మనిషిని పడగొట్టేటంత ఉన్నా దీపం వెలుగుతూనే ఉండొచ్చు. అది కొంచెంగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది. "వాసన తగ్గింది గదా" అని దిగినవాడు నాలుగు మెట్లు దిగేలోపే కూలిపోతాడు. మామూలు గాలిలో ప్రాణవాయువు 21 శాతం దాకా ఉంటది. 19.5కు తగ్గితే ఆ చోటు మనిషికి పనికిరాదని లెక్క. అది కంటికి తెలియదు, ముక్కుకు తెలియదు, గ్యాస్ కొలిచే మీటరుకే తెలుసు. మూతికి కట్టుకునే గుడ్డ, ఆస్పత్రుల్లో పెట్టుకునే మాస్కు ఈ గాలిని ఆపలేవు.

ఇంకో సంగతి. ఇట్లాంటి చావుల్లో చాలాసార్లు ఒకడు కాదు, ఇద్దరో ముగ్గురో పోతారు. మొదటివాడు పడిపోతే తమ్ముడు దిగుతాడు. తమ్ముడు రాకపోతే బావ దిగుతాడు. ప్రేమతో దిగుతారు, తెలియక చస్తారు. పడ్డవాడి కోసం ఎవరూ దిగకూడదు, పైనుంచే తాడుతో లాగాలి, గాలి సిలిండరు తగిలించుకున్న అగ్నిమాపక సిబ్బంది మాత్రమే దిగాలి, వెంటనే 101కో 112కో ఫోను చెయ్యాలి. ఈ ఒక్క పాఠం మన పేటల్లో ప్రతి పిల్లవాడికీ నోటికి వస్తే కొన్ని ఇళ్ళల్లో దీపం ఆరకుండా ఉంటది. అందుకని శిక్షణ వద్దని మనం అనకూడదు. మన వరసలో జరగాలని పట్టుబట్టాలి.

ఆ వరస ఏంటంటే: మొదట, మనిషి దిగకూడదు, యంత్రం రావాలి అనే చట్టం పాఠం. రెండు, దిగమంటే కాదనే హక్కు, కాదన్నందుకు పనిలోంచి తీస్తే ఎవరికి రాయాలి అనే పాఠం. మూడు, యంత్రం నడిపే పని. నాలుగు, ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలి. అయిదోది, అన్నిటికన్నా చివర, రక్షణ సామగ్రి. ఇప్పుడు జరిగేది దీనికి తలకిందులు. కిట్టుతో మొదలుపెట్టి కిట్టుతోనే ముగిస్తారు.

మూడో పాఠం కుదరని పనేమీ కాదు. 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు సందుల్లోకి పోగలిగే చిన్న జెట్టింగ్ యంత్రాలు 70 దాకా దించింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం అందులో భాగం పంచుకుంది. తర్వాత 2019లో ఢిల్లీలో అట్లాంటివే 200 యంత్రాలు దింపారు. మురుగు పని చేసే కుటుంబాలవాళ్ళు బండికి యజమానులైనారు. అంతటితో అంతా మారిపోయిందని నేననను. హైదరాబాదుతో కలిపి ఆరు మహానగరాల్లో మనిషిని దించటం ఆపాలని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న మళ్ళీ చెప్పాల్సి వచ్చిందంటే, ఆగలేదనే గదా అర్థం. అయినా స్టీరింగు పట్టుకున్నవాడికీ తట్ట పట్టుకున్నవాడికీ తేడా ఉంది. శిక్షణ మనల్ని ఆ స్టీరింగు వైపు నడిపిస్తుందా లేదా అన్నదే కొలత.

కొలిచే ప్రశ్నలు అయిదు

కార్యకర్తలు ఇవి రాసుకోండి.

ఒకటి. తరగతిలో ఎవరు కూర్చున్నారు? అడ్డా కూలీలు, ప్రైవేటు ట్యాంకర్ల మీద పనిచేసేవాళ్ళు, పంచాయతీ కార్మికులు ఉన్నారా? ఇంజనీరు, ఇన్‌స్పెక్టరు, కాంట్రాక్టరు అదే బల్ల మీద కూర్చున్నారా, దండలేయించుకొని పోయారా?

రెండు. గంటలు దేనికి పోయినాయి? గడియారం చూసి రాయండి. దండలకు ఎంత, ఉపన్యాసాలకు ఎంత, చేత్తో పట్టుకొని నేర్చుకున్నదానికి ఎంత. చేత్తో నేర్చుకున్న కాలం సగానికి తక్కువైతే అది సభ, శిక్షణ కాదు.

మూడు. ఏది చూపించారు, ఏది ఇచ్చారు? గ్యాస్ మీటరు బొమ్మలో ఉందా, బల్ల మీద ఉందా, రేపటి నుంచి మన వార్డు ఆఫీసులో ఉంటుందా? బూట్లు మన కాలి కొలతవేనా? ఆడవాళ్ళ చేతికి సరిపోయే గ్లౌజులు ఉన్నాయా? చెత్తలో సూదులు గుచ్చుకుంటాయి గదా, ధనుర్వాతం, హెపటైటిస్–బి టీకాలు వేశారా? తెల్లారగట్ల పనికొచ్చే అక్కలకు బట్టలు మార్చుకునే చోటు, మరుగుదొడ్డి సంగతి ఎత్తారా? ఊరందరి దొడ్లు కడిగే మనిషికి తన దొడ్డి లేకపోవటం కూడా ఈ శిక్షణలో రావాల్సిన విషయమే.

నాలుగు. మూడు నెలల తర్వాత మ్యాన్‌హోలు దగ్గర ఏం మారింది? అసలు పరీక్ష ఇదే. తరగతి అయిపోయిన రోజు "ఎట్లా ఉంది" అని అడిగితే భోజనం బాగుందంటాం. అది లెక్కకు రాదు. మూడు నెలల తర్వాత యంత్రం ఎన్నిసార్లొచ్చింది, మనిషి ఎన్నిసార్లు దిగాడు, ఎవరు దించారు అన్నది లెక్క.

అయిదు. ఎవరు మార్కులేస్తున్నారు? శిక్షణ ఇచ్చిన సంస్థే తనకు తాను మార్కులేసుకుంటే అందరూ ఫస్టుక్లాసే. చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం జిల్లాలో, డివిజన్‌లో విజిలెన్స్ కమిటీలుండాలి. కలెక్టరు అధ్యక్షుడు. ఈ పని చేసిన కులాలవాళ్ళు, ఆడవాళ్ళతో సహా, సభ్యులుగా ఉండాలి. మూడు నెలలకోసారి కూర్చోవాలి. మన జిల్లాలో అది ఎప్పుడు కూర్చుందో అడుగుదాం. మార్కులు అక్కడ పడాలి, మన నోటి మాట మీద పడాలి.

ఇప్పుడు మనం చెయ్యాల్సింది

తరగతికి వారం ముందే కమిషనరుకు కాగితం పెడదాం. ఆ రోజు కూలి కొయ్యకూడదు. చెప్పే విషయాలు తెలుగులో అచ్చేసి ముందే ఇవ్వాలి. కాంట్రాక్టర్లు, ఇంజనీర్లు కూర్చోవాలి. యంత్రం, గ్యాస్ మీటరు అక్కడికి తేవాలి. ఒప్పుకుంటే అందరం పోదాం. ఒప్పుకోకపోయినా పోదాం, కానీ ఒప్పుకోలేదని రాసిన కాగితం జేబులో పెట్టుకొని పోదాం.

ఖాళీ పట్టీ మీద ఎవరూ సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వెయ్యొద్దు. ఏం తీసుకున్నామో, ఏం నేర్పారో పక్కన రాయించిన తర్వాతే పెట్టండి. చదువు రాని అక్కల పక్కన చదువుకున్న పిల్ల ఒకతె కూర్చోవాలి. కూతురో, కోడలో, సంఘం అమ్మాయో ఎవరైనా సరే. సంతకం పెట్టిన పట్టీ ఫోనులో ఫొటో తీసుకోండి. వాళ్ళు ఫొటోలు తీసుకుంటారు గదా, మనమూ తీసుకుందాం.

తర్వాత ప్రతి పేటలో ఒక నోటుపుస్తకం పెడదాం. నూరు పేజీల బడి పుస్తకం చాలు. గీతలు నేను కొట్టిస్తాను. తేదీ, చోటు, ఎవరు పిలిచారు, యంత్రం వచ్చిందా, గాలి కొలిచారా, మనిషి దిగాడా, దిగమన్నదెవరు. ఏడు గడులు. ఇంటర్ చదివే పిల్లలు రాస్తారు. మూడు నెలలకు ఆ పుస్తకాలన్నీ కలిపి ఒక కాగితం చేసి విజిలెన్స్ కమిటీకి, కలెక్టరుకి ఇద్దాం. శిక్షణకు ఎంత ఖర్చుపెట్టారు, ఎవరి పేర్లున్నాయి అని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. మన పుస్తకం, వాళ్ళ పట్టీ పక్కపక్కన పెడితే శిక్షణ ఎటు నడిచిందో ఏ పంతులూ చెప్పక్కర్లేదు.

కాదనటం ఒక్కడి వల్ల కాదని నాకు తెలుసు. అడ్డా మీద పది మందిలో ఒకడు దిగనంటే పక్కవాడు దిగుతాడు. ఇంట్లో బియ్యం లేనివాడి దగ్గర ధైర్యం గురించి ఉపన్యాసం చెప్పటం నాకిష్టం లేదు. అందుకని కాదనటం సంఘం చెయ్యాలి. "మా పేట నుంచి గుంటలో మనిషి దిగడు, ట్యాంకరును పిలిపించుకోండి" అని అన్ని పేటలూ ఒకే రోజు, ఒకే మాట చెప్పాలి. రెల్లి పేట ఒక మాట, మాదిగ పేట ఒక మాట, మాల పల్లె ఒక మాట, యానాది కాలనీ ఒక మాట అయితే కాంట్రాక్టరుకు పండగ. దిగమని బలవంతం చేస్తే 2013 చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీలను పాకీపనికి పెట్టటం అత్యాచార నిరోధక చట్టం కింద కూడా నేరమే. 2015లో చేసిన సవరణతో అది స్పష్టంగా రాశారు.

నమస్తే పథకం కింద 2024 దాకా లెక్కగట్టిన సుమారు 38,000 మందిలో నూటికి 69 మంది దాకా ఎస్సీలేనని ప్రభుత్వ లెక్కే చెప్పింది. ఇది వృత్తి అయితే అన్ని కులాలవాళ్ళూ దరఖాస్తు పెట్టుకునేవాళ్ళు. అందుకే ఈ శిక్షణకు నేను చివరగా పెట్టే పరీక్ష ఒకటుంది. తరగతి నడిచిన ఏడాది తర్వాత, మీ పిల్లల్లో ఎంతమంది ఈ పనికి రాకుండా వేరే పనిలోకో, పై చదువుకో పోయారు? ఆ సంఖ్య పెరిగితే శిక్షణ దారిలో ఉన్నట్టు. పెరగకపోతే ఎన్ని సర్టిఫికెట్లు గోడకు తగిలించినా అది దారి తప్పినట్టే.

ఆ నోటుపుస్తకాలు బయట నా సంచిలో ఉన్నాయి. పేటకొకరు వచ్చి తీసుకోండి. పేరు రాసిచ్చి తీసుకోండి, మూడు నెలలకు నేనొచ్చి అడుగుతాను.

జై భీమ్.